పడవలో కంత కోసే ముందు: జిగ్ సానా, హోల్ సానా, మల్టీ టూలా?

మాది 24 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజుల్లో తాళ్ళరేవు, యానాం వైపు కాలవ గట్ల మీదికి మరబోట్లు ఎక్కుతాయి. మేమూ అప్పుడే ఎక్కిస్తాం. ఫైబర్ పనివాళ్ళు, వడ్రంగులు, వెల్డర్లు అందరూ ఒక్కచోట దొరికేది ఆ రెండు నెలల్లోనే.

ఒక ఏడాది చుక్కాని ఇరుసు దిగే గొట్టం దగ్గర సన్నగా నీరు కారుతోందని తెలిసింది. వెనక కూర్చునే బల్ల కింద అంతా మూసేసిన ఫైబర్ పెట్టె. టార్చి వేసి చూడ్డానికి కూడా సందు లేదు. కోస్తే తప్ప దారి లేదు.

దేనితో కొయ్యాలి అని అడిగితే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఇళ్ళ పని చేసే వడ్రంగి మార్బుల్ కట్టర్ తీశాడు. ఫైబర్ పని చేసే కుర్రాడు నాలుగంగుళాల గ్రైండర్ చాలన్నాడు. నా దగ్గర కొత్తగా కొన్న జిగ్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) ఉంది. అక్కడే పడవలు కట్టే పెద్ద మేస్త్రీ మాత్రం మిషను సంగతే ఎత్తలేదు. "ముందు మూత కొనుక్కురండి బాబూ. మూత చేతికొచ్చాక కంత సంగతి చూద్దామండి" అన్నారు.

ఆ తర్వాత నా పడవలోనూ స్నేహితుల పడవల్లోనూ పదిహేను దాకా కంతలు కోశాను. కొన్ని బాగా కుదిరాయి, రెండు పాడుచేశాను. కొయ్యడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ముందు ఏం చూసుకున్నాం, తర్వాత అంచుకు ఏం చేశాం అన్న దాని మీదే ఆ కంత పదేళ్ళు నిలుస్తుందా, రెండు వానాకాలాలకే కుళ్ళుతుందా అన్నది ఉంటుంది. అందుకే మిషన్ల పోలికకు ముందు, ఏం చూసి ఎంచుకోవాలో చెబుతాను.

మిషను కొనే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందుది, ఆ పలక వెనక ఏముందో తెలియడం. రెండో ఏడాది నేను క్యాబిన్ అడ్డగోడలో జిగ్ సాతో కంత కోశాను. కోత చక్కగా వచ్చింది, మూత కూడా బిగించేశాను. రెండు వారాల తర్వాత రాత్రంతా వాన పడింది. పొద్దున వెళ్ళి చూస్తే క్యాబిన్ నేల మీద చీలమండల దాకా నీళ్ళు. అడుగున నీరు తోడే పంపు తిరగలేదు. దాని వైరు అడ్డగోడ వెనకనుంచి పోతుంది. జిగ్ సా బ్లేడు కొస ఆ వైరును సగానికి కోసేసింది. మిగిలిన నాలుగు పోగులూ ఉప్పుగాలికి పచ్చబడి తెగిపోయాయి. కొయ్యకముందే వెనక ఏముందో చూసి ఉంటే ఇది జరిగేది కాదు.

అప్పటినుంచీ ఇలా చేస్తున్నాను. కంత మధ్యలో, అంటే ఎలాగూ పోయే ముక్కలో, 3 మిల్లీమీటర్ల బిట్టుతో చిన్న రంధ్రం పెడతాను. బిట్టుకు టేపు చుట్టుకుంటే ఎంత లోతు దిగాలో అంతే దిగుతుంది. ఒక గట్టి తీగను ఎల్ ఆకారంలో వంచి ఆ రంధ్రంలోంచి లోపలికి పంపి చుట్టూ తిప్పుతాను. తీగ ఎక్కడ తగిలి ఆగితే అక్కడ ఏదో ఉన్నట్టు. అదే రంధ్రంలో పలక మందం కూడా తెలిసిపోతుంది. రంధ్రాన్ని 8 మిల్లీమీటర్లకు పెంచితే ఫోనుకు తగిలించే సన్న కెమెరా కూడా దూరుతుంది. పెట్రోలు ట్యాంకు గానీ గ్యాస్ సిలిండర్ గానీ ఉన్న పెట్టె దగ్గర మాత్రం ఈ రంధ్రం కూడా పెట్టకండి. కరెంటు మిషన్ల లోపల చిన్న నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ముందు ట్యాంకును బయటికి తీయాలి, మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలి, ఆ తర్వాతే మిషను.

రెండోది, కొయ్యకూడని చోట్లు. తెరచాప కొయ్య నిలబడే చోటు, దాన్ని పట్టే తీగలు డెక్ (పడవ పైతలం) మీద బిగించిన పట్టీల చుట్టుపక్కల, అడ్డంగా నిలువుగా వేసిన దూలాలు. వీటిని ముట్టుకోవద్దు. వేట ఫైబర్ బోట్లలో మరో జాగ్రత్త కూడా ఉంది. ముందూ వెనకా మూసేసిన పెట్టెల్లో ఫోమ్ నింపి ఉంటారు. బోటు నిండా నీళ్ళు చేరినా మునిగిపోకుండా తేల్చేది అదే. సామాను పెట్టుకోవడానికి చోటు కావాలని ఆ పెట్టెను కోస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది, దేన్ని కోస్తున్నాం. గట్టి ఫైబర్ పలక ఒక రకం. రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్కో ఫోమో పెట్టి చేసిన డెక్ ఇంకో రకం. ప్లైవుడ్ అడ్డగోడ, తాళ్ళరేవు చెక్క పడవల్లో ఉండే మందపాటి కలప, ఇవి వేరు. గాజుపోగు ఉన్న ఫైబర్ చెక్క కోసే పళ్ళను అరగంటలో మొద్దుబారుస్తుంది.

నాలుగోది మూల. చదరపు కంతకు నాలుగు మూలలూ సూటిగా ఉంటే పడవ ఊగినప్పుడల్లా బలమంతా ఆ మూల మీదే పడి వెంట్రుకవాసి పగుళ్ళు మొదలవుతాయి. నలభై మిల్లీమీటర్లకు తగ్గకుండా గుండ్రని మూలలు పెట్టాలి. మిషను ఎంపికను సగం తేల్చేది ఈ మూలే.

ఇక కోసిన ముక్కనే మూతగా వాడుకోవాలా, షాపులో దొరికే మూత బిగించాలా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ముక్క కావాలంటే సన్నగా కోసే మిషను కావాలి, తీగ పెట్టి చూసిన చిన్న రంధ్రం తప్ప ముక్క మధ్యలో ఇంకో రంధ్రం పడకూడదు.

ఒక చూపులో

| మిషను | దేనికి బాగుంటుంది | వెనక వైరో పైపో ఉంటే | కోసిన అంచు | దుమ్ము |
|---|---|---|---|---|
| జిగ్ సా | వంపులు, పెద్ద కంతలు | ప్రమాదం | గరుకు కాగితంతో సాపు చేస్తే చాలు | ఓ మోస్తరు |
| మల్టీ టూల్ | ఇరుకు చోట్లు, సూటి గీతలు | అన్నిటికంటే నయం | శుభ్రం, కానీ వంపు రాదు | తక్కువ |
| హోల్ సా | గుండ్రని మూతలు, మూలలు | ఓ మోస్తరు | చాలా శుభ్రం | ఓ మోస్తరు |
| ట్రిమ్మర్ | అచ్చు పెట్టి తుది సాపు | లోతు కట్టడి చేయొచ్చు | అన్నిటికంటే మేలు | ఎక్కువ |
| గ్రైండర్, మార్బుల్ కట్టర్ | పొడవైన సూటి కోత | ప్రమాదం | మూలలు పాడు | విపరీతం |

జిగ్ సా

ఒక్క మిషనే కొనగలం అంటే చాలామంది దీనివైపే మొగ్గుతారు. ధర అందుబాటులో ఉంటుంది, కాకినాడ, రాజమండ్రి హార్డ్‌వేర్ షాపుల్లో బ్లేడ్లతో సహా దొరుకుతుంది, వంపు తిప్పడం తేలిక. మూలలో 10 లేదా 12 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి బ్లేడు దింపి గీత వెంట పోతే అయిపోతుంది.

దీని లోపం బ్లేడు కదిలే తీరులోనే ఉంది. అది పైకీ కిందికీ రెండు సెంటీమీటర్లకు అటూఇటూగా ఆడుతుంది. పలక దాటి వెనక్కి పొడుచుకొచ్చే భాగం దానికి అదనం. అంటే పలక వెనక కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే బ్లేడు కొస వెనకున్న దానికి గుద్దుకుని వంకరపోతుంది, లేదా నా పంపు వైరులాగా దాన్ని కోసేస్తుంది. అంగుళం దాటిన మందపు కలపలో బ్లేడు పక్కకు వాలిపోతుంది. పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, కింద చూస్తే అయిదు మిల్లీమీటర్లు పక్కకు పోయి ఉంటుంది. చెక్క పడవ డెక్కుకు అందుకే నేను జిగ్ సా ఒక్కదాన్నే నమ్ముకోను.

ఫైబర్‌కు పళ్ళున్న చెక్క బ్లేడు వాడకండి. పళ్ళకు బదులు కార్బైడ్ రవ్వ అతికించిన బ్లేడు అడగండి. బ్లేడును ముందుకూ వెనక్కీ ఊపే మీట ఒకటి పక్కన ఉంటుంది, ఫైబర్ కోసేటప్పుడు దాన్ని సున్నా మీద పెట్టాలి. స్పీడు తగ్గించాలి. డెక్ మెరుగు గీతలు పడకుండా మిషను అడుగు పలకకు మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయాలి. గీసేది కూడా డెక్కు మీద అతికించిన టేపు మీదే. ప్లైవుడ్ అయితే పళ్ళు కిందికి తిరిగిన బ్లేడు వాడితే పై పొర లేవదు.

మల్టీ టూల్

పేరు తెలియకపోయినా చూస్తే గుర్తుపడతారు. చేతిలో పట్టే పొడుగాటి మిషను, కొసన చిన్న చదరపు బ్లేడు, అది తిరగదు, అటూఇటూ మూడు నాలుగు డిగ్రీలు మాత్రం అదురుతుంది. కానీ నిమిషానికి 10 వేల నుంచి 20 వేలసార్లు అదురుతుంది. రంధ్రం పెట్టక్కర్లేదు, బ్లేడును గీత మీద ఆనించి నెడితే చాలు, లోపలికి దిగుతుంది.

పడవ పనికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. మొదటి కారణం లోతు మన చేతిలో ఉండడం. పలక 6 మిల్లీమీటర్లని తెలిసింది కదా, బ్లేడు మీద 7 దగ్గర టేపు చుట్టి ఆ గీత దాటనివ్వను. వెనక డీజిల్ గొట్టం ఉన్న పెట్టెను అలాగే కోశాను, గొట్టానికి గీత కూడా పడలేదు. రెండో కారణం, తల దూరని పెట్టెల్లో, బల్ల కింద, గోడకు ఆనుకుని, జిగ్ సా అడుగు పలక ఆనించే చోటే లేనప్పుడు కూడా పని చేయడం. మూడోది, కోత ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నగా ఉంటుంది కాబట్టి తీసిన ముక్కనే మూతగా పెట్టుకోవచ్చు. కోసిన గీత సన్నటి సందులాగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది.

కష్టాలూ ఉన్నాయి. నెమ్మది. 250 మిల్లీమీటర్ల పొడవు కోతకు గట్టి ఫైబర్‌లో చాలాసేపు పడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. మామూలు ఇనప పళ్ళ బ్లేడు ఒక వైపు కూడా పూర్తి కాకుండానే అరిగిపోతుంది. కార్బైడ్ రవ్వ లేదా వజ్రపు రవ్వ వేసిన అర్ధచంద్రాకారపు బ్లేడు కొనాలి, ధర ఎక్కువే. వాసన మారి కాలుతున్న రెజిన్ (గాజుపోగులను పట్టి ఉంచే జిగురు) కంపు వస్తే నొక్కుడు తగ్గించి ఒక నిమిషం ఆగండి, అంచు నల్లబడితే అక్కడ పొరలు విడిపోతాయి. వంపు మాత్రం దీంతో రాదు. మూలలో గీత దాటి కోత పోవడం అందరూ చేసే పొరపాటు. ఆ దాటిన గీతలోంచే పగులు మొదలవుతుంది.

హోల్ సా

డ్రిల్లుకు బిగించే గిన్నెలాంటి రంపం ఇది, అంచున పళ్ళు, మధ్యలో ఒక బిట్టు ఉంటాయి. గుండ్రంగా తిప్పి మూసే ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి కదా, నాలుగు, అయిదు, ఆరు అంగుళాలవి, వాటికి ఇంతకంటే తేలిక దారి లేదు. అంచు బాగా వస్తుంది, కొలత తప్పదు. కానీ మూత మీద రాసిన అంగుళాలను నమ్మకండి. అది లోపలి దారి కొలత కావచ్చు, అంచు పళ్ళెం కొలత కావచ్చు. మూత కింద దిగే మెడను స్వయంగా కొలిచి, దానికంటే రెండు మిల్లీమీటర్లు పెద్ద హోల్ సా తీసుకోవాలి. మేస్త్రీ ముందు మూత కొనమన్నది ఇందుకే.

పెద్ద హోల్ సా చిన్న డ్రిల్లుకు పెట్టకండి. ఒక పక్క పట్టుకున్నప్పుడు మిషను మొత్తం గిర్రున తిరిగి మణికట్టు విరిచేస్తుంది. పక్కన పట్టుకునే పిడి ఉన్న డ్రిల్లు, అతి తక్కువ స్పీడు కావాలి. మొదట మిషనును వెనక్కి తిప్పుతూ పైపైన ఒక వలయం గీయండి, పై మెరుగు పొర చిట్లదు. తర్వాత ముందుకు తిప్పండి. మధ్య బిట్టు వెనక్కి కనిపించగానే ఆపి, చేయి పడితే మిగతాది వెనకనుంచి కోయాలి.

పాత చిన్న కంతను పెద్దది చేయాల్సి వస్తే మధ్య బిట్టుకు పట్టు దొరకదు, హోల్ సా డెక్కంతా గీరేస్తుంది. ఒక ప్లైవుడ్ ముక్కలో కావాల్సిన కంత ముందే కోసి, ఆ ముక్కను డెక్ మీద బిగించి, దాని లోపలినుంచి హోల్ సా దింపితే జారదు.

ట్రిమ్మర్

సన్‌మైకా అంచులు కత్తిరించడానికి వడ్రంగుల దగ్గర ఉండే చిన్న రౌటర్ ఇది. దీంతో నేరుగా కంత కొయ్యడం కంటే, జిగ్ సాతో రెండు మిల్లీమీటర్లు లోపలికి కోసి, పైన ప్లైవుడ్ అచ్చు అంటించి, బేరింగ్ ఉన్న బిట్టుతో అచ్చు వెంట తిప్పడం మేలు. అంచు ఫ్యాక్టరీలో పోసినట్టు వస్తుంది. ఒకే కొలత కంతలు నాలుగైదు కొయ్యాల్సిన వాళ్ళకు, ముఖ్యంగా కోనసీమలో దిండి వైపు హౌస్ బోట్లకు వరసగా మూతలు పెట్టేవాళ్ళకు, ఇది పట్టుకుంటే పని చకచకా సాగుతుంది. ఒక్క కంత కోసం దీన్ని కొనక్కర్లేదు. గాజు దుమ్ము బాగా లేస్తుంది, బిట్లు త్వరగా అరుగుతాయి.

గ్రైండర్, మార్బుల్ కట్టర్

ఇవి అందరి దగ్గరా ఉంటాయి, అదే చిక్కు. గుండ్రని బ్లేడు కాబట్టి లోపలి వైపు మూల దాకా కొయ్యాలంటే బయటి వైపు గీత దాటి కొంత దూరం పోవాల్సిందే. నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే డిస్కు రెజిన్‌ను కాలుస్తుంది. దుమ్ము పడవంతా పాకుతుంది. పైగా నాలుగంగుళాల గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి పని చేసేవాళ్ళను గట్టు మీద చూస్తుంటాను, ఒక్కసారి బ్లేడు పట్టుకుంటే మిషను మనిషి మీదికే ఎగురుతుంది. ఆ పని దయచేసి చేయకండి. పడగొట్టేయబోయే పాత పలకను ముక్కలు చేయడానికి వజ్రపు డిస్కుతో గ్రైండర్ పనికొస్తుంది. ఉంచుకోవాల్సిన డెక్కులో కంతకు మాత్రం వద్దంటాను.

రెండు మిషన్లు కలిపితే

నేను ఎక్కువగా చేసేది ఇది. పాత క్యాలెండర్ అట్ట మీద మూత మెడ గీసి కత్తిరించి, దాన్ని టేపు మీద పెట్టి గీస్తాను. నాలుగు మూలల్లో 76 మిల్లీమీటర్ల హోల్ సాతో నాలుగు గుండ్రాలు. దాంతో మూలకు 38 మిల్లీమీటర్ల వంపు వస్తుంది, చిన్న కంతకు నలభైకి అంత దగ్గరైతే సరిపోతుంది. ఆ గుండ్రాలను కలుపుతూ సూటి గీతలు, వెనక ఖాళీ ఉంటే జిగ్ సాతో, లేకపోతే మల్టీ టూల్‌తో. మూల పాడయ్యే అవకాశమే ఉండదు. ఇందులో తీసిన ముక్క మూతకు పనికిరాదు, మూలలు కొరికేసినట్టు ఉంటుంది.

ముక్కే మూత కావాలంటే ఒక సూటి వైపు మల్టీ టూల్‌తో దారి చేసి, ఆ సందులో సన్న జిగ్ సా బ్లేడు దింపి, మూలలు ఒకే ఊపున తిప్పుకుంటూ రావాలి. వెనక ఖాళీ ఉంటేనే ఇది. ముక్క ఊడి లోపల పడకుండా ముందే దానికి ఒక పిడి స్క్రూ చేసి పెట్టుకోండి.

ఏ మిషనైనా కింద పాత గోనెపట్టానో బకెట్టో కట్టండి. కోసిన పొట్టు పడవ అడుగుకు చేరితే పంపు జల్లెడ మూసుకుపోతుంది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పని అయ్యాక ముందు చన్నీళ్ళతో కడుక్కోండి. వేడినీళ్ళు పోసుకుంటే దురద రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. తడి డెక్ మీద 230 వోల్టుల వైరు లాగి పని చేస్తే లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద కాకుండా వేలాడదీసి ఉండాలి. పడవ నీళ్ళలో ఉండగా చేసే పనికి బ్యాటరీ మిషన్లే ఎంచుకోండి, కాస్త ఖర్చెక్కువైనా.

అంచు

ఇక్కడ మాత్రం తొందరపడొద్దని బతిమాలుతున్నాను.

నా స్నేహితుడి పడవ డెక్‌లో పాత మూత ఒకటి విప్పాం. ఎవరో కోసి, అంచుకు ఏమీ పూయకుండా, సిలికాన్ రాసి మూత బిగించేశారు. స్క్రూ విప్పగానే సందులోంచి టీ డికాక్షన్ రంగు నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారాయి. లోపల బాల్సా చెక్క వేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా దిగిపోయింది. అరచేయంత దూరం దాకా కుళ్ళింది. కోసిన రోజున ఒక్క గంట పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. చెక్కను కుళ్ళబెట్టే బూజుకు ఉప్పునీటికంటే వాననీరే ఇష్టం. కాబట్టి సముద్రంలోకి పోని పడవ, గోదావరి పాయల్లోనే తిరిగే పడవ అని నిశ్చింతగా ఉండకండి, డెక్ మీద కుళ్ళు దానికే ఎక్కువ.

గట్టి ఫైబర్ అంచుకు 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 120, పదును విరగ్గొట్టి, రెజిన్ ఒక పూత. తెరిచి ఉన్న గాజుపోగులు నీటిని వత్తిలా పీలుస్తాయి, ఆ పూత దాన్ని ఆపుతుంది.

లోపల బాల్సా లేదా ఫోమ్ ఉన్న డెక్కు అయితే రెండు ఫైబర్ పొరల మధ్యనుంచి ఆ మెత్తటిదాన్ని చుట్టూ 10, 12 మిల్లీమీటర్ల లోతు తోడేయాలి. వంచిన మేకును డ్రిల్లుకు పెట్టి తిప్పితే తేలిగ్గా వస్తుంది. బాగా ఆరనిచ్చి, ముందు పల్చని ఎపాక్సీ (రెండు పాళ్ళు కలిపితే గట్టిపడే రెజిన్) పూసి పీల్చుకోనిచ్చి, ఆ తర్వాత సిలికా పొడి కలిపి వెన్నలా చిక్కబరిచిన ఎపాక్సీని గాడినిండా కూరాలి. మూత స్క్రూలు దిగే చోట కూడా అంతే. పెద్ద రంధ్రం పెట్టి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దానిలో స్క్రూ రంధ్రం పెట్టాలి.

ప్లైవుడ్ అంచు నీటిని స్పాంజిలా పీలుస్తుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయినా సరే, కోసిన అంచును అలాగే వదలొద్దు. మూడు పూతల ఎపాక్సీ వేయాలి, మొదటిది ఇక పీల్చలేదు అనేదాకా పూస్తూనే ఉండాలి. మందపు టేకు కలపకు అంత పని లేదు, కానీ కోసిన అడ్డకోత వైపు మాత్రం వదలొద్దు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఎపాక్సీ కప్పులోనే ఉడికిపోతుంది. కొంచెం కొంచెంగా కలపండి, లోతు గ్లాసులో కాకుండా వెడల్పు పళ్ళెంలో పోయండి, పని పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి. మన తేమకు ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది, రెండో పూతకు ముందు నీళ్ళతో కడిగి తుడవాలి. పాలియెస్టర్ రెజిన్ వాడేవాళ్ళు హార్డెనర్ ఒక శాతం దగ్గరే ఉంచండి. హార్డెనర్‌నూ యాక్సిలరేటర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, భగ్గుమంటుంది. ఎపాక్సీ పాత ఫైబర్ మీద అంటుకుంటుంది, కానీ ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అంటదు. ఆ వరస తిరగేయొద్దు.

మూత కింద ఏం రాయాలి

షాపులో అందరూ ముందు సిలికాన్ చేతిలో పెడతారు. అది ఒకసారి పూసిన చోట తర్వాత రంగూ పట్టదు, ఇంకో సీలెంటూ పట్టదు. పాలీయురెథేన్ గట్టిగా అంటుకుంటుంది, రేపు మూత విప్పాలంటే డెక్కు పొర లేచి వస్తుంది. పాలీసల్ఫైడ్ చెక్కకూ లోహానికీ చక్కగా పనిచేస్తుంది కానీ కొన్ని ప్లాస్టిక్ మూతలను తినేస్తుంది. ప్లాస్టిక్ మూతకు నా ఎంపిక బ్యుటైల్ టేపు, బంకలా సాగే రబ్బరు పట్టీ. రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే సందులోకి దిగి కూర్చుంటుంది, పదేళ్ళ తర్వాత కూడా విప్పొచ్చు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ కొనండి, ఉప్పుగాలిలో 304 మచ్చలు పడుతుంది.

ఎవరికి ఏది

సొంత పడవ, ఒకటో రెండో కంతలు, గుండ్రని మూతతో పని జరిగిపోతుంది అంటే, డ్రిల్లు అరువు తెచ్చుకుని సరైన కొలత హోల్ సా ఒక్కటి కొనండి. ఇంకేమీ అక్కర్లేదు.

పాత పడవ కొని ప్రతి ఏడాదీ ఏదో ఒక మూల తెరుస్తూ ఉండేవాళ్ళు బ్యాటరీ మల్టీ టూల్ కొనండి. జిగ్ సాకంటే ముందు ఇదే కొనమంటాను. వెనక ఏముందో సరిగా తెలియని పడవలో దాని నిదానమే మనకు రక్ష.

చెక్క పడవలు చేసే వడ్రంగికి జిగ్ సా, ట్రిమ్మర్ జోడీ బాగా కుదురుతుంది. లావు కలపకు మాత్రం నాలుగు మూలలు హోల్ సాతో తీసి, మిగతాది చేతిరంపంతో కోసినా నామోషీ లేదు, గీత తప్పదు. పెద్ద మేస్త్రీ ఇప్పటికీ అలాగే కోస్తారు.

ఇంటి పనికి వచ్చే వడ్రంగిని పిలిచి చేయించుకునేవాళ్ళు ఆయన మార్బుల్ కట్టర్ తీసే ముందే మాట చెప్పండి. వెనక వైర్ల సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు, తెలియాల్సింది మీకే. తీగ పెట్టి తిప్పే పని మీరే చేసి, ఎక్కడ ఏముందో టేపు మీద పెన్సిలుతో రాసి ఇవ్వండి.

మూత బిగించిన మర్నాడు లోపలివైపు కంత చుట్టూ పొడి న్యూస్‌పేపర్ ముక్కలు టేపుతో అంటించి, పైన నాలుగు బకెట్ల నీళ్ళు నిదానంగా పోయండి. అరగంట ఆగి తీసి చూస్తే కాగితం ఎక్కడ తడిసిందో ఆ స్క్రూ దగ్గరే లోపం. పంపు, లైట్లు, హారన్ అన్నీ ఒక్కొక్కటీ వేసి చూడండి. అన్నీ పనిచేశాకే పడవను కాలవలోకి దించండి.